పత్రముల పట్టికలో తల్లీబిడ్డలు

విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకు సముద్రపుటొడ్డున పోవు బాటలో రుషికొండ తగులును. ఒక ప్రక్క ఇసుక మీద పడవలు, వలలు; మరొక ప్రక్క విద్యాలయ భవనములు. వానిలో ఒక వైద్య కళాశాల, దాని ఆసుపత్రి కూడ ఉన్నవి. విశాఖకు వైద్యవిద్య క్రొత్తది కాదు. ఆంధ్ర వైద్య కళాశాల ఈ నగరములో 1923లోనే వెలసినది. అయితే ఆనాటి వైద్యుని ఎవరును అడుగని ప్రశ్న ఒకటి నేటి యువ వైద్యునికి అడుగడుగున ఎదురగుచున్నది: "మీ పరిశోధన పత్రములు ఎన్ని అచ్చయినవి?"

ఉద్యోగమునకు, పదోన్నతికి ఈ లెక్కయే కొలబద్ద అయినది. కంప్యూటరులో ఒక పేరు కొట్టినచో చాలును. ఆ వ్యక్తి ఎన్ని పత్రములు ప్రకటించెనో, వానిని ఇతరులు ఎన్నిసార్లు ఉదహరించిరో క్షణములో తెరమీదికి వచ్చును. ఈ సంఖ్య అబద్ధము కాదు. కాని బడిలో పిల్లవాడు వాడిన నోటు పుస్తకముల సంఖ్యను బట్టి వానికి వచ్చిన చదువు ఎంతయో చెప్పలేము గదా! పరిశోధకుని పత్రముల పట్టికను లెక్కించుట ఒకటి, చదువుట మరొకటి. చదివినచో అందులో ఏమి కనబడునో చూచుటకు మన తెలుగునేల మీద పెరిగిన ఒక పట్టికను తీసికొందము. అది తల్లుల, బిడ్డల ఆరోగ్యమునకు సంబంధించినది. ఆ పరిశోధకుడు డాక్టరు కొలత్తూరు గోపాలన్.

కూనూరులో ఒక గది

గోపాలన్ గారు 1918 నవంబరు 29న తమిళనాడులోని సేలములో జన్మించిరి. చిత్రమేమనగా, వారు తమ జీవితములో ముఖ్యభాగము గడపిన సంస్థ కూడ అదే సంవత్సరములో పుట్టినది. నీలగిరులలోని కూనూరులో, పాశ్చర్ సంస్థకు చెందిన ఒక్క గదిలో, రాబర్ట్ మెక్కారిసన్ అను వైద్యుడు 1918లో బెరిబెరి వ్యాధిని గూర్చి పరిశోధన ప్రారంభించెను. ఆ గదియే క్రమముగా పోషకాహార పరిశోధనాలయముగ పెరిగినది. 1958లో అది హైదరాబాదునకు తరలివచ్చి ఉస్మానియా విశ్వవిద్యాలయము చెంత స్థిరపడినది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు దాల్చినది.

మద్రాసులో వైద్యవిద్య ముగించిన గోపాలన్ గారి తొలి పత్రములలో ఒకటి 1946లో ఇండియన్ మెడికల్ గెజెటులో వెలువడినది. దాని విషయము అరికాళ్ళ మంటలు. పేదలలో కనిపించు ఈ బాధకు పాంటొథెనిక్ ఆమ్లము అను విటమిను ఉపకరించునని వారు వ్రాసిరి. ఈ వ్యాధిని నేటికిని కొన్ని గ్రంథములు వారి పేరును చేర్చి పిలుచుచున్నవి. పిదప లండనులో బి. ఎస్. ప్లాట్ అను పోషణ శాస్త్రజ్ఞుని వద్ద పరిశోధన చేసి, తిరిగివచ్చి కూనూరులో పని సాగించిరి. ఇక్కడినుండి పట్టికలో బిడ్డలు ప్రవేశించుచున్నారు.

ఒడి తప్పిన బిడ్డ

సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు 1933లో ఆఫ్రికాలోని గోల్డుకోస్టునుండి, అనగా నేటి ఘనా దేశమునుండి, ఒక వింత జబ్బును వర్ణించినది. ఏడాది దాటిన బిడ్డలకు కాళ్ళు, ముఖము ఉబ్బును. జుట్టు రాగిరంగుకు తిరుగును. చర్మము పొరలు పొరలుగ లేచును. బిడ్డ ఆడుకొనదు, నవ్వదు. 1935లో ఆమె దీనికి అక్కడివారు వాడు పేరునే ఇచ్చి 'క్వాషియార్కర్' అన్నది. క్రొత్త బిడ్డ పుట్టగా తల్లి ఒడి తప్పిన పెద్ద బిడ్డకు వచ్చు జబ్బు అని ఆ మాటకు భావము.

మన పల్లెలలో ఈ బిడ్డలను ఎరుగనివారు లేరు. పేరు మాత్రము తెలియదు. "దృష్టి తగిలినది" అనిరి, "నీరు పట్టినది" అనిరి. గోపాలన్ గారును, వారి సహచరులైన వెంకటాచలం, శ్రీకంఠయ్య మొదలగువారును 1950 దశకములో ఈ బిడ్డలను ఆసుపత్రిలో ఉంచి పరీక్షించిరి. అప్పటికి లోకమంతట ఒకే సిద్ధాంతము చెల్లుచుండెను: ఇది మాంసకృత్తుల లోపము. ఈ బిడ్డల రక్తములో ఆల్బుమిను అను మాంసకృత్తు తగ్గియుండును, పాలు ఇచ్చినచో వాపు తీయును, పాలలో మాంసకృత్తులున్నవి, కావున లోపము మాంసకృత్తులదే. తర్కము చక్కగా ఉన్నది. కూనూరువారును ఆ మార్గముననే నడచిరి.

కాని వారికి మరియొక ప్రశ్న తోచినది. పాలు కొనలేని ఇంటికి పాలు మందుగా చెప్పి ప్రయోజనమేమి? శనగ మొదలగు పప్పుధాన్యముల ఆహారముతో ఈ జబ్బు కుదురునా? కుదురునని వారు 1956లో ప్రకటించిన పత్రములో చూపిరి. కోలుకొనుట పాలతోవలె వేగముగా జరుగకపోయినను, సామాన్యుని వంటయింటిలోని వస్తువుతో ఆ బిడ్డ బ్రతుకునని తేలినది. ఈ పట్టికలో చివరివరకు కనిపించు గుణము ఇదియే: వ్యాధిని చూచినప్పుడు ఇంటిని కూడ చూచుట.

చనుబాల లెక్క

బిడ్డ జబ్బునకు మూలము వెదకుచు పోయినచో తల్లి ఎదురగును. చాలినంత తినని తల్లి బిడ్డకు ఏడాది, రెండేండ్లు పాలిచ్చుచున్నది. ఆ పాలు ఎన్ని? ఎట్టివి? 1958లో వెలువడిన రెండు పత్రములు ఈ ప్రశ్నను పట్టుకొన్నవి. ఒకటి పేద కుటుంబములలోని తల్లుల చనుబాలను గూర్చినది. రెండవది ఆ తల్లులకు అదనముగ మాంసకృత్తులు ఇచ్చినచో, పాలు పెంచునని జనులు నమ్ము పదార్థములు ఇచ్చినచో ఏమగునో పరీక్షించినది.

ఇట్టి పరిశోధన చెప్పుటకు సులభము, చేయుటకు కష్టము. బిడ్డ త్రాగిన పాలను కొలుచుటకు సామాన్య పద్ధతి, పాలిచ్చుటకు ముందొకసారి, ఇచ్చిన తరువాత ఒకసారి బిడ్డను తూచుట. పగలు రాత్రి ప్రతిసారియు తూచవలెను. బిడ్డ ఏడ్చును, తల్లికి ఇంటిపని ఉండును. పత్రము పైభాగమున ఆ తల్లుల పేర్లు ఉండవు. వారు ఓర్పుతో కూర్చుండనిదే ఆ పత్రము లేదు.

తెలిసినదేమనగా, పేద తల్లి పాలు గుణములో సంపన్నురాలి పాలకు అంతగా తీసిపోవు. తన శరీరమును కరిగించుకొనియైనను ఆమె బిడ్డకు పాలు కూర్చుచున్నది. అయితే పెరుగుచున్న బిడ్డకు ఆరు నెలల తరువాత ఆ పాలు మాత్రమే చాలవు. 1962లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో గోపాలన్ గారు గర్భిణుల, పాలిచ్చు తల్లుల పోషణను సమీక్షించిరి. అంతవరకు బాలింతకు పత్యము, గర్భిణికి నిషేధములు మాత్రమే విన్న వైద్యలోకమునకు, తల్లి కంచములోని కొరత బిడ్డ తూకములో కనబడునని అది గుర్తుచేసినది.

ఆ దారిలోనే హైదరాబాదు సంస్థలో లీలా అయ్యంగారు అను వైద్యురాలు పని సాగించినది. పేద గర్భిణులకు చివరి వారములలో ఆసుపత్రిలో విశ్రాంతియు మేలైన ఆహారమును లభించినచో పుట్టు బిడ్డ బరువు పెరుగునని 1967లో ప్రకటించినది. ఫోలిక్ ఆమ్లము అను విటమిను గర్భిణులకు ఎంత కావలయునో 1971లో లెక్కగట్టినది. గర్భిణులకు ఇనుము, ఫోలిక్ ఆమ్లము కలిపిన మాత్రలు పంచు జాతీయ కార్యక్రమము 1970లో మొదలయినది.

దూలము నరికి పొయ్యిలో పెట్టుట

గోపాలన్ గారు హైదరాబాదు సంస్థకు సంచాలకులయిరి. 1960లో శ్రీకంఠయ్యతో కలిసి, దక్కను పీఠభూమిలో జొన్న తినువారికి వచ్చు పెలాగ్రా వ్యాధికి జొన్నలోని ల్యూసిను అను అమైనో ఆమ్లము అధికమగుట కారణము కావచ్చునని లాన్సెట్ పత్రికలో వ్రాసిరి. దీనిపై పిదప చాల వాదములు నడచినవి. కాని మన కథలో అసలు మలుపు బిడ్డల దగ్గరనే వచ్చినది.

హైదరాబాదు పరిసరముల పల్లెలలోని బిడ్డలను వారు కాలక్రమముగ గమనించిరి. కొందరు బిడ్డలు ఉబ్బి క్వాషియార్కర్ పాలగుచున్నారు. మరికొందరు ఎండి, ఎముకలగూడై పోవుచున్నారు. దీనికి మరాస్మస్ అని పేరు. మొదటిది మాంసకృత్తుల లోపమనియు, రెండవది మొత్తము తిండి లోపమనియు గ్రంథములు చెప్పుచుండెను. అట్లయినచో ఈ రెండు విధముల బిడ్డలు తిను తిండిలో భేదముండవలెను గదా! వెదకిరి, భేదము కనబడలేదు. అదే ఊరు, అదే కూడు. ఒకడు ఉబ్బుచున్నాడు, ఒకడు ఎండుచున్నాడు. 1968లో అచ్చయిన పత్రములో గోపాలన్ గారు ఈ మాట స్పష్టముగ చెప్పిరి. భేదము తిండిలో లేదు, ఆ కొరతకు శరీరము సర్దుకొను తీరులో ఉన్నదని వారి ఊహ. ఈ ఊహపై చర్చ నేటికిని ముగియలేదు. తిండి ఒకటే అను పరిశీలన మాత్రము నిలిచినది.

ఈ మాటకు అర్థము ఎంత పెద్దదో గ్రహింపవలెను. తామును నమ్మిన సిద్ధాంతమును తమ లెక్కలే కాదనుచున్నవి.

దీనిని ఒక చిన్న లెక్కతో చూడవచ్చును. రెండు మూడేండ్ల బిడ్డకు దినమునకు సుమారు 1,200 కేలరీల శక్తియు, 20 గ్రాముల లోపుగ మాంసకృత్తులును కావలెనని ఆనాటి సిఫారసు. ఆ బిడ్డ 200 గ్రాముల బియ్యముతో వండిన అన్నము, 40 గ్రాముల కందిపప్పుతో వండిన పప్పు తిన్నదనుకొందము. సంస్థ ప్రకటించిన ఆహార విలువల పట్టిక ప్రకారము వీనినుండి సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు వచ్చును. అవి చాలును. కేలరీలో, సుమారు 820 మాత్రమే. కొరత శక్తిలో ఉన్నది, మాంసకృత్తులలో కాదు.

శక్తి చాలనప్పుడు శరీరము ఏమి చేయును? కండలు కట్టవలసిన మాంసకృత్తులనే మండించి శక్తి తీసికొనును. వంటచెరకు లేనివాడు ఇంటి దూలమును నరికి పొయ్యిలో పెట్టుకొన్నట్లు. అప్పుడు పైవారు చూచి "ఈ ఇంటికి దూలములు కొరత" అని దూలములు పంపినచో అవియు పొయ్యిలోనికే పోవును. కావలసినది వంటచెరకు.

మూడు వస్తువుల మిఠాయి

ఇది ఆసుపత్రి గోడల మధ్య ముగియు వాదము కాదు. 1968లో ఐక్యరాజ్య సమితి, ముంచుకొని వచ్చుచున్న మాంసకృత్తుల సంక్షోభమును గూర్చి ఒక నివేదిక వెలువరించినది. లోకమంతట ధనము, మేధ ఆ వంకకు పారుచుండెను. చేపల పొడి, నూనెగింజల పిండి, పెట్రోలియము మీద పెంచిన సూక్ష్మజీవులు—ఇట్టివెన్నియో పేద దేశముల బిడ్డలకు ఆహారముగ యోచింపబడినవి. నిజముగ కావలసినది మరికొంత మామూలు కూడే అయినచో, ఈ ధనమంతయు దారితప్పిన ధనమగును.

గోపాలన్ గారును, స్వామినాథన్, విజయరాఘవన్ మొదలగు సహచరులును దీనిని పల్లెలలోనే పరీక్షకు పెట్టిరి. హైదరాబాదు సమీప గ్రామములలో ఏడాది మొదలు ఐదేండ్లలోపు బిడ్డలకు ఒక మిఠాయి చేసి ఇచ్చిరి. అందులో ఉన్నవి మూడే: గోధుమపిండి, పంచదార, నూనె. దానివలన దినమునకు 310 కేలరీల శక్తి వచ్చును. మాంసకృత్తులు 3 గ్రాములు మాత్రమే. అదనముగ పాలు లేవు, గ్రుడ్లు లేవు, డబ్బాల పొడులు లేవు. పదునాలుగు నెలలు ఇట్లు ఇచ్చి, ఆ మిఠాయి తినని బిడ్డలతో పోల్చిరి.

తిన్న బిడ్డలు ఎత్తులోను బరువులోను మిన్నగా పెరిగిరి. 1973లో అమెరికన్ పోషణ పత్రికలో ఈ ఫలితము అచ్చయినది. చాల తేలికయైన పరీక్ష. కాని అది ఒక దశాబ్దపు నమ్మకమును కదిలించినది. 1970లోనే పి. వి. సుఖాత్మే అను గణాంక శాస్త్రజ్ఞుడు ఇంటి ఆహారముల లెక్కలనుండి ఇదే అభిప్రాయమునకు వచ్చియుండెను. 1974లో డొనాల్డ్ మెక్‌లారెన్ లాన్సెట్‌లో, మాంసకృత్తుల వెంటబడుట ఒక ఘోర వైఫల్యమని నిష్కర్షగ వ్రాసెను.

నూనె ఎందుకు చేర్చిరో కూడ తెలిసికొనదగినది. చిన్నబిడ్డ కడుపు చిన్నది. పలుచని గంజి, మెత్తని అన్నము కొంచెము తినగానే కడుపు నిండును, కేలరీలు మాత్రము నిండవు. ఒక గ్రాము పిండి నాలుగు కేలరీల లోపు ఇచ్చినచో, ఒక గ్రాము నూనె తొమ్మిది ఇచ్చును. బిడ్డ అన్నములో ఒక చెంచా నూనెయో నేయియో కలుపు అలవాటునకు ఇంత శాస్త్రము ఉన్నది.

మాంసకృత్తులు అక్కరలేదని దీని అర్థము కాదు. పప్పు లేని వట్టి గంజితోను, కర్రపెండలమువంటి దుంపలతోను పెరుగు బిడ్డల కథ వేరు. పాలు, గ్రుడ్డు, ఆకుకూర ఇచ్చు ఇతర పోషకములు మిఠాయిలో ఉండవు. ఆ పత్రము చెప్పినది, పప్పూ అన్నము తిను ఇండ్లలో మొదట చాలనిది మొత్తము కూడు అని మాత్రమే.

పొట్టివారు ఆరోగ్యవంతులా?

1974లో గోపాలన్ గారు భారత వైద్య పరిశోధన మండలికి అధిపతులై ఢిల్లీకి వెళ్ళిరి. 1980లో అక్కడనే భారత పోషణ సంస్థను స్థాపించిరి. పట్టికలో ప్రయోగశాల పత్రములు తగ్గి, వాద వ్యాసములు పెరిగినవి. అందొకటి చెప్పక తీరదు.

1980 దశకము తొలినాళ్ళలో డేవిడ్ సెక్లర్ అను అమెరికా ఆర్థిక శాస్త్రజ్ఞుడు, పేద దేశముల బిడ్డలు పొట్టిగా ఉన్నంత మాత్రమున జబ్బుపడినవారు కారు, కొరతకు సర్దుకొన్నవారు అని వాదించెను. అంగీకరించినచో ప్రభుత్వములకు సుఖమే. కోట్ల బిడ్డలు ఒక్క కలముపోటుతో ఆరోగ్యవంతులగుదురు. గోపాలన్ గారు 1983లో దీనిని ఎదిరించిరి. పొట్టిదనము ఆరోగ్యమని పేదలకే చెప్పుచున్నారు, ధనికుల బిడ్డలకు చెప్పరేమి అని వారి ప్రశ్న.

ఆ ప్రశ్నకు బలము హైదరాబాదు పత్రములలో ఉన్నది. నగరములోని కలిగిన కుటుంబముల పసిపిల్లలు అమెరికా పిల్లలకు తీసిపోకుండ పెరుగుచున్నారని సంస్థ శాస్త్రజ్ఞులు 1976లో చూపిరి. అనగా మనవారి పొట్టిదనము జాతి లక్షణము కాదు. బాల్యములో పెరుగుదల తగ్గినవారు పెద్దయి కర్మాగారములో తక్కువ పని చేయగలుగుచున్నారని 1977లో మరియొక పత్రము తెలిపినది. ఇక ఆడుబిడ్డ విషయమున దీని ఫలితము మరొక తరమునకు పోవును. పొట్టిగా, బలహీనముగా పెరిగిన పిల్ల తల్లియైనప్పుడు రెండున్నర కిలోలకు తక్కువ బిడ్డను కను ప్రమాదము ఎక్కువ. సర్దుకొనుట అని పేరు పెట్టినంత మాత్రమున ఆ అప్పు తీరదు. కూతురి మీద పడును.

తమ సంస్థ విజయములను కూడ వారు ప్రశ్నింపక విడువలేదు. బిడ్డలకు గ్రుడ్డితనము రాకుండ విటమిను 'ఎ'ను పెద్ద మోతాదులో ఇచ్చు పద్ధతిని హైదరాబాదు సంస్థవారే పల్లెలలో పరీక్షించి 1970లో ప్రకటించిరి. ఆ ఏడే అది జాతీయ కార్యక్రమమయినది. అది అత్యవసరమునకు చేసిన ఏర్పాటే గాని శాశ్వతముగ కొనసాగవలసినది కాదనియు, ఆకుకూరలు, పండ్లు కంచములోనికి రావలెననియు గోపాలన్ గారు తరువాతి కాలములో పట్టుబట్టి వ్రాసిరి. 1987లో లండను రాయల్ సొసైటీ వారిని సభ్యునిగ ఎన్నుకొన్నది. 2019 అక్టోబరు 3న, నూరేండ్లు నిండిన పిదప, వారు కన్నుమూసిరి.

పట్టికను చదువు విధము

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ఈ పట్టికలో ఎన్ని పత్రములున్నవని మనము లెక్కింపలేదు. 1956 నాటి పత్రమునకు 1973 నాటి పత్రమునకు నడుమ ఏమి జరిగినదో చూచితిమి. ఆసుపత్రి మంచముమీది బిడ్డనుండి తల్లి పాలకు, పాలనుండి పల్లె వంటయింటికి, అక్కడినుండి దేశపు విధానమునకు ఒకే ప్రశ్న నడచినది: ఈ బిడ్డకు నిజముగ కొరత ఏది? నడుమ ఒకచోట తామే నమ్మిన సమాధానమును వదలుకొనవలసి వచ్చెను. సంఖ్యలో ఈ మలుపు కనబడదు. సిద్ధాంతమును నిలబెట్టిన పత్రము ఒకటిగ, పడగొట్టిన పత్రము ఒకటిగ, రెండుగ లెక్కకు వచ్చును, అంతే.

రుషికొండ చెంత పల్లెలలోని అంగన్‌వాడీ కేంద్రమునకు వెళ్ళి చూచినచో ఆ పత్రముల జాడ మరొక రూపమున కనబడును. 1975 అక్టోబరు 2న ఆరంభమయిన సమగ్ర శిశు అభివృద్ధి పథకములోనిదే ఈ కేంద్రము. అక్కడ తూనికయంత్రము ఉండును; నెలనెల బిడ్డ బరువు కార్డుమీద వ్రాయుదురు. పసివారికి ఇచ్చు బాలామృతము అను పిండిలో గోధుమ, శనగపప్పు, పాలపొడి, పంచదార, నూనె ఉన్నవి. అది ఆ పల్లెల మిఠాయి కాదు. అయినను గోధుమపిండి, పంచదార, నూనె అను మూడు పేర్లు మనకు పరిచితములే, శనగయు పరిచితమే.

రుషికొండలో క్రొత్తగా పత్రము వ్రాయబోవు యువ వైద్యునికి మనము చెప్పదగినది ఒక్కటే. మీ పట్టిక పొడవు ఎంతయో కంప్యూటరు చెప్పగలదు. ఆ బిడ్డ కార్డుమీది గీత పైకి పోవుచున్నదా, క్రిందికి దిగుచున్నదా అనునది మీరే వెళ్ళి చూడవలెను.